ఉక్కును శోధించిన కమ్మరి బిడ్డ: మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగర సమీపమున ఒక పేద కమ్మరి యింట జన్మించెను. బడిచదువు స్వల్పము. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టువాని యొద్ద పనికి చేరి, చేతికి వచ్చిన గ్రంథములనే చదువుకొనెను. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, వానిని శ్రద్ధతో వ్రాసి, అట్ట కట్టి ఆయనకే పంపెను. మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగా ఉద్యోగము లభించెను.

విద్యుత్తు విషయమున నితని కీర్తి లోకవిదితము. ఉక్కుపై ఇతడు చేసిన కృషిని ఎరిగినవారు తక్కువ. దానికి మూలము మన దేశపు ఉక్కే. మన నాందేడునకు పొరుగున నున్న నిజామాబాదు జిల్లా కోనసముద్రములో పూర్వము కమ్మరులు మట్టిమూసలలో చేసిన ఉక్కు దేశాంతరములకు పోయెడిది. ఇట్టి భారతీయ ఉక్కును ఆంగ్లేయులు వూట్జ్ అని పిలిచిరి. 1819లో ఫారడే దానిని పరీక్షించి, దాని శ్రేష్ఠతకు అల్యూమినియము కారణమని తలచెను. అది పొరపాటు, కర్బనమే ప్రధానకారణమని తరువాత తేలెను.

పిమ్మట కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టుతో కూడి, మేలైన ఉక్కును, మెరుపు తరుగని లోహమును వెదకెను. ప్లాటినము, వెండి, రోడియము, నికెలు, క్రోమియము కలిపి చూచెను. నికెలు కలిసిన ఇనుము తుప్పును కొంత తట్టుకొనెను. నికెలు కలిసిన ఉక్కు మాత్రము మరింత త్వరగా తుప్పుపట్టెను. ఈ వైఫల్యమును దాచక 1820లో ప్రకటించెను. క్రోమియమును స్వల్పముగా కలుపుటచే తుప్పుపట్టని ఉక్కు దక్కదయ్యెను. 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ నూటికి సుమారు 13 పాళ్లు కలిపి దానిని సాధించెను.

1836లో ఫారడే మరియొక విషయము గ్రహించెను. గాఢ నత్రికామ్లములో ముంచిన ఇనుముపై సన్నని ఆక్సైడు పొర యేర్పడి దానిని కాపాడునని ఆతడు భావించెను. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడునదియు అట్టి పొరయే; అది క్రోమియము వలన కలుగును.

అయితే ఆ స్టీలును వెల్డింగుచే అతుకునపుడు లేచు పొగలో షట్సంయోజక క్రోమియ ముండును. అది క్యాన్సరు కలిగించును. అందుచే శాస్త్రజ్ఞులు నికెలు, రాగి, కొలదిపాటి పల్లాడియము కలిపి, క్రోమియము లేని అతుకులోహమును చేసి పరీక్షించిరి. అతుకు తన చుట్టు నున్న స్టీలుకంటె ముందుగా తుప్పుపట్టరాదు. నికెలు ఒకచోట కాపాడి వేరొకచోట చెరచునని ఫారడే చూచినట్లే, ఏ లోహము గుణమైనను దాని సహవాసమును బట్టి యుండును.

1867 ఆగస్టు 25వ తేదీన ఫారడే కాలధర్మము నొందెను. విద్యార్థులారా! మీ ప్రయోగ పుస్తకములో తప్పిన ఫలితమును చెరిపివేయకుడు. ఫారడే వ్రాసియుంచిన వైఫల్యములును విజ్ఞానమునకు ధనమే అయినవి.