కార్యదీక్షాపరులు కొమర్రాజు లక్ష్మణరావుగారు

వేసవిలో మన విస్సన్నపేట దారుల వెంట నడిచేవారికి ఒక దృశ్యం సుపరిచితం. తోటల నుంచి మామిడికాయల బండ్లూ లారీలూ వస్తూ ఉంటాయి. బంగినపల్లి ఒకవైపు, చిన్నరసాలు ఒకవైపు, కలెక్టరు కాయ మరొకవైపు రాశులుగా పడుతూ ఉంటాయి. ఆ సందడి నడుమ గుమాస్తా ఒకరు పద్దు పుస్తకం ముందు పెట్టుకొని కూర్చుంటారు. ఏ రైతు సరుకు ఎంత దిగింది, ఎవరికి ఎంత బయానా ముట్టింది, ఎంత బాకీ నిలిచింది, అన్నీ అప్పటికప్పుడు వ్రాసుకొంటారు. అది చూచి ఆయనకు జ్ఞాపకశక్తి తక్కువని ఎవరూ అనుకోరు. వ్రాయకుండా కేవలం జ్ఞాపకాన్ని నమ్ముకొన్నవాని చేతిలో ఏడాది పంట పెట్టడానికే రైతు జంకుతాడు.

ఈ మాట వ్రాయడానికి మాకు అర్హత తక్కువే. కొంతకాలం క్రితం ఒక విద్యార్థి ఉపకారవేతనం నిమిత్తం మా సంతకం గల పత్రం కావాలని అడిగాడు. మరునాడు ఇస్తామన్నాము. మరచిపోయాము. గురువును రెండవమారు అడగడం మర్యాద కాదని ఆ పిల్లవాడు ఊరకున్నాడు. గడువు రేపటితో తీరుతుందనగా, సాయంకాలం తండ్రిని వెంటబెట్టుకొని వచ్చి మా ఇంటి అరుగు మీద నిశ్శబ్దంగా కూర్చున్నాడు. పత్రం వెంటనే వ్రాసి ఇచ్చాము, అది సకాలంలో చేరింది. కాని ఆ తండ్రి ముఖంలోని ఆందోళన మమ్ము చాలాకాలం వెంటాడింది. మేము మరచినది ఒక చిన్న కాగితమే. వారికి అది ఒక సంవత్సరం చదువు.

ఆ తరువాతనే మేము కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి జీవితాన్ని మరొకమారు శ్రద్ధగా చదివాము. వారు మహాపండితులని, చరిత్ర పరిశోధకులని అందరూ ఎరుగుదురు. ఒక్క మనిషి ఇన్ని పనులను ఏ విధంగా ఒకేసారి నడిపించగలిగారన్న ప్రశ్నతో చదివినప్పుడు ఆ జీవితం మాకు కొత్తగా కనిపించింది. విద్యార్థులకూ, కళాశాల పెద్దలకూ ఆ దృష్టితోనే దానిని ఇక్కడ మనవి చేస్తున్నాము.

లక్ష్మణరావుగారు మనకు పరాయివారు కారు. వారు 1877 మే 18న పెనుగంచిప్రోలులో జన్మించారు. ఆ ఊరు నాడు మనతోపాటు కృష్ణా జిల్లాలోనిది. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు విస్సన్నపేట, పెనుగంచిప్రోలు రెండూ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. పసితనంలోనే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు బంధువుల అండన పెరిగాడు. అక్క భండారు అచ్చమాంబగారి భర్త మాధవరావుగారు మధ్య పరగణాలలో ఇంజనీరుగా ఉండేవారు. లక్ష్మణరావుగారు వారి వద్ద ఉండి నాగపూరులో చదువుకొన్నారు. బడికి పోయే భాగ్యం లేని అచ్చమాంబగారు తమ్ముని చదువుతోపాటు తామూ చదువుకొని, తరువాత అబలా సచ్చరిత్ర రత్నమాల అనే గ్రంథాన్ని రచించి కీర్తి గడించారు. తమ్ముడు మరాఠీ భాషలో వ్యాసాలు వ్రాయగలిగినంత పాండిత్యం సంపాదించి, ఎం.ఏ. పట్టా పొందారు. తెలుగు, సంస్కృతం, ఆంగ్లం, మరాఠీలతోపాటు హిందీ, బెంగాలీ, ఉర్దూ కూడ వారికి తెలుసు. రెండు భాషల నీడన చదువుకొంటున్న మన విద్యార్థులకు ఇది ప్రత్యేకంగా గమనింపదగినది.

విద్య ముగించిన పిమ్మట వారు మునగాల సంస్థానంలో రాజా నాయని వెంకటరంగారావుగారి వద్ద ఉద్యోగంలో చేరి, దివాను బాధ్యతలు వహించారు. మునగాల నేడు తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఉంది. నాడు చుట్టూ నిజాం రాజ్యభూములు ఉండగా, ఆ పరగణా మాత్రం బ్రిటిషువారి కృష్ణా జిల్లా కింద ఉండేది. జమీందారీ దివాను పని ఎటువంటిదో ఊహించండి. గ్రామాల శిస్తులు, రైతుల అర్జీలు, కోర్టు వ్యవహారాలు, ఉద్యోగుల జీతాలు, ప్రభుత్వానికి కట్టవలసిన పేష్కషు, వీటిలో ఏ ఒక్కటి వాయిదా తప్పినా నష్టం సంస్థానానికే. దివాను, దఫ్తరు, జమాబందీ, వసూలు, బాకీ, రసీదు, వాయిదా అనే మాటలన్నీ ఫారసీ, ఉర్దూల ద్వారా తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. లెక్క తప్పకుండా పని నడుపుకొనే విద్యలో ఈ రెండు భాషలూ ఎన్నడో చేతులు కలిపాయి.

అంతటి ఉద్యోగభారం గలవారికి మరొక పనికి తీరిక దొరకదని మనం అనుకొంటాము. లక్ష్మణరావుగారి అసలు పనులు ఆ ఉద్యోగంతోపాటే ఆరంభమయ్యాయి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. దాని స్థాపకులలో లక్ష్మణరావుగారు ముఖ్యులు. 1906లో రావిచెట్టు రంగారావు, మునగాల రాజా, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు ప్రభృతులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పారు. చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థవిజ్ఞానం మొదలైన విషయాలపై సామాన్యునికి అర్థమయ్యే తెలుగులో గ్రంథాలు వెలువరించడం మండలి ఆశయం. తొలి గ్రంథం హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకను చరిత్ర, 1907లో వెలువడింది.

గ్రంథమాల నడపడంలోని కష్టం బయటివారికి తెలియదు. తగిన రచయితను వెదకాలి, గడువు పెట్టాలి, వ్రాతప్రతిని పరిశీలించాలి, అచ్చు తప్పులు దిద్దాలి, చందాదారులకు పుస్తకం అందించాలి. ఒక గ్రంథం అచ్చులో ఉండగా రెండవది దిద్దుబాటులో, మూడవది రచనలో ఉండాలి. 1908లో హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరంపై కారాగారం పాలయ్యారు. ఆ ఏడాదే మండలి కార్యస్థానం హైదరాబాదు నుంచి మద్రాసుకు మారింది. ప్రధానమైన సహచరుడు చెరసాలలో, కార్యాలయం కొత్త ఊరిలో! అయినా గ్రంథమాల ఆగలేదు. పని ఒక వ్యక్తి జ్ఞాపకంలో కాక ఏర్పాటులో నిలిచి ఉన్నప్పుడే ఇది సాధ్యమవుతుందని మా అభిప్రాయం.

ఆ మాలలో లక్ష్మణరావుగారు స్వయంగా కూడ గ్రంథాలు వ్రాశారు. శివాజీ చరిత్ర వారిదే. హిందూ మహాయుగం వారిదే. మహమ్మదీయ మహాయుగం కూడ వారిదే. ఒకే కలంతో ఈ మూడింటినీ రచించి తెలుగు పాఠకులకు అందించారు. మన కళాశాల గ్రంథాలయంలో ఈ మూడూ పక్కపక్కన ఉండదగినవి.

ఇక వారి జీవితంలోని మహత్కార్యం ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ప్రపంచంలోని శాస్త్రాలను, చరిత్రను, కళలను, మహాపురుషుల వృత్తాంతాలను అక్షరక్రమంలో తెలుగులో సమకూర్చాలని వారు సంకల్పించారు. ఆంగ్లేయులకు బ్రిటానికా ఎటువంటిదో తెలుగువారికి ఇది అటువంటిది కావాలని వారి ఆశ. 1912-13 ప్రాంతంలో పని ఆరంభమయింది. సంచికలు సంచికలుగా వెలువడసాగింది.

అక్షరక్రమంలో నడిచే గ్రంథానికి ఒక కఠిన నియమం ఉంది. సాధారణ గ్రంథంలో మరచిన విషయాన్ని తరువాతి ప్రకరణంలో చెప్పుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఒక శీర్షిక వంతు వచ్చేసరికి దాని వ్యాసం సిద్ధంగా లేకపోతే సంచిక దానిని దాటి సాగిపోతుంది. దాటిన అక్షరానికి తిరిగి రావడం అంటే అనుబంధంలో చేర్చడమే. కాబట్టి ఏ శీర్షిక ఏ పండితునికి అప్పగించబడింది, ఏది చేతికి వచ్చింది, ఏది రాలేదు అన్న పట్టిక లేనిదే ఒక్క అడుగు పడదు. మరొక చిక్కు పారిభాషిక పదాలది. ఆంగ్లంలోని ఒక శాస్త్రపదానికి ఒక వ్యాసంలో ఒక తెలుగు మాట, మరొక వ్యాసంలో వేరొక మాట వాడితే చదువరి తికమకపడతాడు. నేడు నిర్ణయించిన మాట ఏడాది తరువాత వచ్చే వ్యాసంలోనూ అదే కావాలి. ఇంతటి పనిని లక్ష్మణరావుగారు నిర్వహించారు. చెర నుంచి వచ్చిన హరిసర్వోత్తమరావుగారు ఇందులో వారికి తోడ్పడ్డారు. పెక్కు వ్యాసాలను లక్ష్మణరావుగారే వ్రాశారు.

ఇంత చేసిన తరువాత ఏమయింది? మూడు సంపుటాలు వెలువడ్డాయి. ఆ మూడూ కలిసి అకారాన్నయినా దాటలేదు. గ్రంథం అక్కడ ఆగింది. కొన్నేళ్ళకు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి సహాయంతో దానిని తిరిగి నడిపింపజూచారు. ఆ యత్నం సాగుతుండగానే 1923 జూలై 12న మద్రాసులో లక్ష్మణరావుగారు కన్నుమూశారు. వారి వయస్సు అప్పటికి 46 సంవత్సరాలు మాత్రమే.

ఈ ఘట్టం వద్ద మేము చాలాసేపు ఆగాము. ఇంత క్రమశిక్షణ గల మనిషి ఏబదికి పైగా అక్షరాలు గల వర్ణమాలలో మొదటి అక్షరం వద్దనే ఆగిపోతే, ఆ క్రమశిక్షణకు ప్రయోజనం ఏమిటి? విద్యార్థులు ఈ ప్రశ్న అడుగుతారు. అడగాలి కూడ.

సమాధానం నాగేశ్వరరావు పంతులుగారి చర్యలో కనిపిస్తుంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, అమృతాంజనంతో ధనం సంపాదించి, ఆంధ్రపత్రికతో ఆ ధనాన్ని సార్థకం చేసుకొన్న ఆ మహనీయుడు మిత్రుని పనిని వదలలేదు. విజ్ఞాన సర్వస్వాన్ని తిరిగి చేపట్టి, పెంచి, 1930ల దశాబ్దంలో సంపుటాలుగా ప్రకటించారు. ఆ తరువాతి కాలంలో తెలుగులో వెలువడిన విజ్ఞాన సర్వస్వాలు కూడ ఈ బాటలోనే నడిచాయి. కేవలం తలలో దాచుకొన్న పని మనిషితోపాటే మట్టిలో కలుస్తుంది. క్రమంగా వ్రాసి, వరుసగా అమర్చి ఉంచిన పనిని మరొకరు వచ్చి, ఆగినచోట నుంచి అందుకోగలరు.

పనిని మరచిపోకుండా ఉండడం అంటే మన తెలివిని ప్రదర్శించుకోవడం కాదు. ఒకరు మనకు అప్పగించిన పని అమానతు సొమ్ము వంటిది. దానిని భద్రంగా ఉంచి, అడిగిన నాడు అప్పగించాలి. మనం లేని నాడు కూడ అది చేరవలసినవారికి చేరే విధంగా చూడాలి.

విద్యార్థులకు మా మనవి చిన్నది. జేబులో ఒక చిన్న పుస్తకం ఉంచుకోండి. ఎవరికి మాట ఇచ్చినా ఆ క్షణంలోనే వ్రాయండి. ఏ పని, ఎవరి కోసం, ఏ తేదీలోగా అన్న మూడు విషయాలు చాలు. రాత్రి నిద్రకు ముందు ఒకమారు చూచుకొని, తీరిన దానిని కొట్టివేయండి, తీరనిదానిని మరునాటి పుటకు ఎక్కించండి. కాగితాలు ఎక్కడ ఉంచారో అదీ వ్రాయండి. కళాశాల కమిటీ పెద్దలకు కూడ సవినయంగా ఒక మాట మనవి చేస్తాము. తీర్మానాల పుస్తకంలో ప్రతి తీర్మానం పక్కన దానిని నెరవేర్చవలసినవారి పేరు, గడువు తేదీ ఉంటే, సభ్యులు మారినా పని మారదు.

మా మేజా మీద ఇప్పుడు అటువంటి పుస్తకం ఒకటి ఉంది. అందులో మొదటి పుటలో మేము వ్రాసుకొన్నది ఆ విద్యార్థి పేరు. పత్రం ఎన్నడో ముట్టింది కాబట్టి దానిని కొట్టివేయవచ్చు. కాని ఆ ఒక్క పేరును మేము కొట్టివేయలేదు.