దుమ్ముగూడెంలో ఆగిపోయిన కాటన్ దొర పని

గోదావరి ఒడ్డున కథలకు కరువు లేదు. గౌతముడు నదిని భూమికి తెచ్చిన కథ, పర్ణశాలలో సీతమ్మ నారచీరలు ఆరేసిందని రాళ్ల మీద గుర్తులు చూపించే కథ, తహసీల్దారు గోపన్న పన్నుల సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కథ, అడవిలో భీముడు పెళ్లాడిన వనకన్య సంతానమే తామని కోయ పెద్దలు చెప్పుకునే కథ... మణుగూరు చుట్టుపక్కల పుట్టిన వాళ్లెవరికైనా ఇవి అమ్మమ్మల దగ్గర విన్నవే. ఈ వరుసలో అన్నిటికంటే ఆలస్యంగా చేరినది ఒక ఇంగ్లిషు ఇంజనీరు కథ. ఆయనే సర్ ఆర్థర్ కాటన్.

ధవళేశ్వరం దిగువన డెల్టాలో కాటన్ దొర మనిషిగా మిగల్లేదు. ఊరి సెంటర్లలో విగ్రహాలున్నాయి, వాటికి దండలు పడతాయి, గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు తలుచుకునే పండితులున్నారు. కొన్ని ఇళ్లలో ఆయన పటం దేవుడి పటాల పక్కనే ఉంటుంది. లుస్త్రలో పౌలు బర్నబాలకు ఎద్దులు, పూదండలు తెచ్చినప్పుడు వాళ్లు బట్టలు చింపుకుని జనం మధ్యకు పరుగెత్తారని అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో చదువుతాం. బైబిలును నమ్మి బతికిన కాటన్ ఇవన్నీ చూసి ఉంటే ఏం చేసేవాడో ఊహించడం కష్టం కాదు. అయితే అన్నం పెట్టిన చేతిని మరిచిపోని రైతు కృతజ్ఞతను తప్పుపట్టడానికి మాకు మనసొప్పదు.

మన సంఘాల్లో చలామణి అయ్యే కథ ఇంకొకటి ఉంది. కాటన్ ఒక మిషనరీ అనీ, సువార్త కోసమే ఇండియాకు వచ్చాడనీ మన ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు. జీతం కంపెనీది, హోదా కంపెనీది. 1803 మేలో, పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడిగా పుట్టాడు. పదిహేనేళ్ల వయసులో ఆడిస్కంబ్‌లోని కంపెనీ సైనిక పాఠశాలలో చేరాడు. 1821లో మద్రాసు చేరుకున్నాడు. 1824-26 మధ్య బర్మా యుద్ధంలో పనిచేశాడు. విశ్వాసం ఆయన జీవితంలో నిజమైనదే, లోతైనదే. దాన్ని గొప్ప చేయడానికి లేని బిరుదు తగిలించాల్సిన పని లేదు.

కట్టుకథల సంగతి వచ్చింది కనుక ఒక మాట. చార్లెస్ డార్విన్ మరణానికి ముందు పరిణామ సిద్ధాంతానికి పశ్చాత్తాపపడి, బైబిలు చదువుకుంటూ ప్రభువును ఒప్పుకున్నాడనే కథ మన కూటాల్లో ఎన్నోసార్లు విన్నదే. 1915లో అమెరికాలోని ఒక బాప్తిస్టు పత్రికలో ఆ కథ వచ్చింది. దాన్ని చెప్పిన లేడీ హోప్ ఎవరో కాదు, మన కాటన్ కూతురే! డార్విన్ పిల్లలు ఆ కథను ఖండించారు. తండ్రి చివరి జబ్బులో ఆమె ఆయన దగ్గర లేనేలేదని డార్విన్ కూతురు రాసింది. లేడీ హోప్ బీదల మధ్య, తాగుడుకు బానిసలైనవాళ్ల మధ్య మంచి పరిచర్య చేసిన స్త్రీ. తండ్రి జీవిత చరిత్రను కూడా 1900లో ఆమే వెలువరించింది. అయినా సువార్తకు కట్టుకథల ఊతం అక్కర్లేదని మేము మా యువకులకు చెబుతుంటాము.

ఇక కాటన్ పని సంగతి. ఆయనకు గురువులు మన దేశపు పాత కట్టడాలే. తంజావూరు దగ్గర కావేరి మీద కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్ట శతాబ్దాలుగా నిలిచి ఉంది. లోతైన ఇసుకలో పునాది ఎలా వేశారన్నది అందరికీ వింతే. కాటన్ శ్రద్ధగా గమనించి తెలుసుకున్నది ఇది: ఆ పాత పనివాళ్లు బండ కోసం వెతకలేదు. ఇసుక మీదే రాళ్లు పోశారు. అవి కుంగితే మళ్లీ పోశారు. కుంగడం ఆగిపోయాక పైన కట్టారు. ఆ పద్ధతితోనే 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు మొదలుపెట్టాడు. ఇసుక మీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుడి ఉపమానం తెలిసిన విశ్వాసి అదే ఇసుక మీద నిలిచే కట్టడం కట్టాడని చెబితే మా సండేస్కూలు పిల్లలు నవ్వుతారు. ఉపమానానికి ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు అని సర్దిచెప్పాల్సి వస్తుంది.

ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద ఆస్ట్రేలియా వైపు వెళ్లి, అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ను పెళ్లి చేసుకున్నాడు. తిరిగి వచ్చాక గోదావరి జిల్లా పని మీద పడింది. అప్పటికి ఆ జిల్లా సగం చచ్చి ఉంది. 1832-33 కరువు, 1839 కోరంగి ఉప్పెన, వాటి మధ్య జ్వరాలు, వలసలు. 1821లో 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. పక్కనే అంత నది సముద్రంలోకి పోతుంటే జనం తిండి లేక చావడమేమిటన్నది కాటన్‌ను నిద్రపోనివ్వని ప్రశ్న. పై అధికారులకు రాసిన నివేదికల్లో ఆయన మర్యాదలు పాటించలేదు. ఖర్చు లెక్కలు అడిగినవారికి కరువులో పోయిన ప్రాణాల లెక్క, పోయిన శిస్తుల లెక్క చూపించాడు.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. నది అక్కడ లంకల మధ్య నాలుగు పాయలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం మూడున్నర కిలోమీటర్లకు పైగా కట్టాలి. పదివేల మంది కూలీలు, వందల మంది వడ్రంగులు, కమ్మరులు పనిచేశారు. ఆరోగ్యం పాడై మధ్యలో కాటన్ సెలవు మీద వెళ్తే కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. కూలీలను కూడగట్టి, పని సాగేలా చూసిన వీణెం వీరన్న పేరు ధవళేశ్వరంలో శిలాఫలకం మీద ఉంది. విగ్రహాలు మాత్రం ఒక్కరికే! 1852లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1982 నాటికి కాటన్ పేరుతోనే కొత్త బ్యారేజీ వచ్చింది. దాదాపు 10 లక్షల ఎకరాలకు నీళ్లు అందుతున్నాయి.

ఈ కథ ఇక్కడితో ముగిస్తే డెల్టా వాళ్లకు సరిపోతుంది. మన ఎగువ గోదావరి వాళ్లకు అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

కాటన్ దగ్గర పని నేర్చిన యువ ఇంజనీర్లలో ఫీలిక్స్ థాకరే హేగ్ ఒకడు. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కోనసీమకు నీళ్లు తీసుకెళ్లిన 49 కమానుల అక్విడక్టు కట్టింది అతడే. అప్పటికి అతనికి పాతికేళ్లు. కాటన్‌కు ఆనకట్టతో తృప్తి లేదు. నదులే ఈ దేశానికి దారులు కావాలనీ, రైలుకు పెట్టే డబ్బులో కొంత పెడితే పడవల మీద సరుకు ఎంతో చౌకగా సాగుతుందనీ ఆయన పట్టుదల. గోదావరి మీదుగా, ప్రాణహిత మీదుగా వార్ధా నది దాకా పడవలు నడిపితే బేరారు పత్తి నేరుగా సముద్రానికి చేరుతుందని ఆశించాడు. దారిలో మూడు చోట్ల రాతి బండలు అడ్డం. వాటిలో మొదటిది దుమ్ముగూడెం. మనకు ఏటి అవతలి ఒడ్డు! ఇవతల మణుగూరు వైపు నిజాం రాజ్యం. అవతల భద్రాచలం తాలూకా 1860లో ఇంగ్లిషువారి చేతికి వచ్చింది. అక్కడ ఆనకట్ట, లాకులు, కాలువ కట్టే పని హేగ్ మీద పడింది.

సరిగ్గా అప్పుడే ప్రపంచం అవతలి కొసన ఒక యుద్ధం మొదలైంది. 1861లో అమెరికా దక్షిణ రాష్ట్రాలు విడిపోతామన్నాయి. జార్జియా, అలబామా, మిసిసిపి, లూసియానా రాష్ట్రాల్లో నల్లజాతి బానిసల చెమటతో పండే పత్తే అప్పటిదాకా ఇంగ్లండు మిల్లులను నడిపింది. లింకన్ ప్రభుత్వం ఆ రేవులను దిగ్బంధించగానే లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి, పనివాళ్లు పస్తులున్నారు. మాంచెస్టర్ వ్యాపారుల కళ్లు బేరారు పత్తి మీద పడ్డాయి. అలా మిసిసిపి ఒడ్డు కథకు, దుమ్ముగూడెం ఒడ్డు కథకు ముడి పడింది. దక్షిణ రాష్ట్రాల పాత వైభవం మీద అమెరికాలో ఎన్ని పాటలు, ఎన్ని కథలు ఉన్నా, ఆ వైభవం కింద నలిగిన బానిసల కథను మరువకూడదని మేమంటాము. మన ఒడ్డున కూడా అంతే. రాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మన్యం జ్వరం వాళ్లను పనిలోనే పట్టుకుంది.

1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. 1867లో బొంబాయి నుంచి నాగపూరుకు రైలు వచ్చేసింది. బేరారు పత్తికి గోదావరితో అవసరం తీరిపోయింది. పదేళ్ల శ్రమ, లక్షల రూపాయల ఖర్చు తర్వాత 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదిలేసింది.

సింగరేణి చరిత్రలో కూడా 1871కే చోటుంది. భద్రాచలం యాత్రికులు ఇల్లెందు దగ్గర పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లే అంటుకుని మండాయన్నది జనం చెప్పే కథ. డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గును గుర్తించినది 1871లో అన్నది చరిత్ర. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. ఆ బొగ్గు పడవ ఎక్కలేదు, రైలే ఎక్కింది. మణుగూరుకు అన్నం పెట్టింది కాటన్ వద్దన్న రైలే, ఆయన ఊహించని బొగ్గే. ఈ విషయంలో ఆయన అంచనా తప్పింది. ఆయన ప్రోద్బలంతో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ కూడా నష్టాల్లో మునిగి, 1882లో ప్రభుత్వం కొనాల్సి వచ్చింది. 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ను పిలిచి ఈ లెక్కలన్నీ నిలదీసి అడిగింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. 1861లో సర్ బిరుదు ఇచ్చిన ప్రభుత్వమే ఆయన్ను కాలువల పిచ్చి పట్టిన ముసలివాడిలా చూసింది. ఆయన మాత్రం 1876-78 మద్రాసు కరువులో లక్షల మంది చనిపోయిన సంగతినే మళ్లీ మళ్లీ ముందు పెట్టాడు. రైళ్లున్నాయి, నీళ్లు లేవన్నదే ఆయన వాదన. రైలు విషయంలో ఓడిపోయినా, ఆ ఒక్క మాటలో ఆయనదే న్యాయమని మా అభిప్రాయం. చివరి ఏళ్లలో డార్కింగ్‌లోని ఇంటి తోటలో లోతు దుక్కితో గోధుమ పండించే ప్రయోగాలు చేసుకున్నాడు. 1899 జూలైలో, 96వ ఏట కన్నుమూశాడు.

దుమ్ముగూడెంలో మాత్రం పత్తి పడవల కోసం మొదలైన పని ఇంకో దారి పట్టింది. హేగ్ గురువు లాంటి విశ్వాసే. ఆనకట్ట పని దగ్గర బైబిలు చదివేవాడు, ప్రార్థనలు పెట్టేవాడు, చుట్టూ ఉన్న కోయలకు సువార్త చెప్పే మనుషులు కావాలని సి.ఎం.ఎస్. సంఘానికి రాసేవాడు. ఆ పనుల దగ్గరే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న వెంకటరామరాజు 1860 ప్రాంతంలో ప్రభువును నమ్మి బాప్తిస్మం తీసుకున్నాడు. కులం గౌరవం ఉన్న ఇంటివాడు. ఆ గౌరవం వదులుకుని కోయ గూడేల్లో నడిచాడు, తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. కాలువ పని ఆగిపోయి ఇంజనీర్లు వెళ్లిపోయినా ఆయన వెళ్లలేదు. 1870ల నుంచి జాన్ కెయిన్ అనే మిషనరీ వచ్చి అక్కడే ఉండిపోయాడు. కోయల పండుగలు, పెళ్లిళ్లు, దేవతలు, పుట్టుక కథలు అడిగి తెలుసుకుని 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశాడు. తర్వాత 1909లో థర్‌స్టన్ కోయల గురించి రాసినప్పుడు కెయిన్ రాతలనే ఆధారం చేసుకున్నాడు. ఎవరికి సువార్త చెప్పాలో వాళ్ల కథను ముందు వినాలని ఆయనకు తెలుసు. కోయ గూడెం మొహం చూడకుండా కోయ మిషన్ పేరుతో కూటాలు పెట్టే ఈ రోజుల్లో ఆ ఓపిక మాకు అరుదుగా కనిపిస్తోంది.

వేసవిలో ఏరు తగ్గినప్పుడు బయటపడే ఆ పాత ఆనకట్ట దగ్గరే ఇటీవలి సంవత్సరాల్లో సీతమ్మసాగర్ బ్యారేజీ పని మొదలైంది. మణుగూరు నుంచి చూడ్డానికి వెళ్లే కుటుంబాల్లో చాలామందికి ఆ పాత రాళ్లు ఎవరు పేర్చారో తెలియదు. కాటన్ దొర కట్టాడని ఎవరో ఒకరు చెబుతారు. హేగ్ పేరు వచ్చేది ఎప్పుడో ఒకసారి. వెంకటరామరాజు పేరు మేము అక్కడ ఇంతవరకు ఎవరి నోటా వినలేదు.