చూపు పోయినా లెక్క ఆపని ఆయిలర్

లెక్కలంటే ఇష్టపడేవారూ, భయపడేవారూ కూడా తెలుసుకోవలసిన మహనీయుడు లియొనార్డ్ ఆయిలర్. ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జన్మించారు. తండ్రి పాస్టరు. కొడుకు కూడా పాస్టరు కావాలని తండ్రి కోరిక. ఆయిలర్ మనసు మాత్రం గణితం మీదే. ప్రసిద్ధ గణితాచార్యుడు జోహాన్ బెర్నౌలీకి విడిగా పాఠాలు చెప్పే తీరిక లేదు. కష్టమైన పుస్తకాలు సొంతంగా చదువుకొని, అర్థం కానివి శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నారు. అలా చదివే ఆయిలర్ గణితజ్ఞుడయ్యారు.

1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో చేరారు. 1738 ప్రాంతంలో కుడికన్ను చూపు పోయింది. 1741 నుండి 1766 వరకు బెర్లిన్‌లో పనిచేసి, తిరిగి పీటర్స్‌బర్గ్ చేరారు. అప్పుడు ఎడమకంటికి శుక్లం వచ్చింది. 1771లో ఆపరేషన్ చేసినా చూపు నిలవలేదు. అదే ఏడాది అగ్నిప్రమాదంలో ఇల్లు కాలిపోయింది.

ఇంకెవరైనా అయితే కుంగిపోయేవారే. ఆయిలర్ మాత్రం 1772లో, 31 రెండ్లను గుణించి 1 తీసివేస్తే వచ్చే 2,14,74,83,647 ప్రధాన సంఖ్య అని నిరూపించినట్లు లేఖ ద్వారా తెలియజేశారు.

ఈ సంఖ్య ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే దాని వర్గమూలం 46,340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 4,700కు పైగా ఉన్నాయి. ఆయిలర్ భాగించే ముందు ఆలోచించారు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగిస్తే శేషం 1 రావాలి; 8తో భాగిస్తే 1 గాని 7 గాని రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవి మాత్రమే చూస్తే చాలు. అలాంటి సంఖ్యలు 400 లోపే. వాటిలోనూ ప్రధాన సంఖ్యలు కానివి వదిలేయవచ్చు. మిగిలిన వాటిలో ఒక్కటీ నిశ్శేషంగా భాగించలేదు.

మిత్రులారా, ఇదే సూత్రాన్ని చిన్న సంఖ్యతో మీరే సరిచూడండి. 11 రెండ్లను గుణించి 1 తీసివేస్తే 2047. దాని కారణాంకాలు 23, 89. రెండింటినీ 22తో భాగిస్తే శేషం 1. 8తో భాగిస్తే 7, 1.

ఆయిలర్ సంఖ్యను 30 రెండ్ల లబ్ధంతో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంటే, ఆ సంఖ్యను వదిలి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్ళీ అదే వస్తుంది. కంప్యూటర్ నేర్చుకున్న మన పూర్వ విద్యార్థులకూ ఈ ప్రధాన సంఖ్య పరిచయమే. 32 బిట్లలో, రుణ సంఖ్యలకూ చోటిస్తూ, నిల్వచేయగల అతిపెద్ద పూర్ణాంకం ఇదే.

కుమారులు, శిష్యులు రాసిపెడుతుండగా ఆయిలర్ చివరిదాకా పరిశోధన సాగించి, 1783 సెప్టెంబరు 18న కన్నుమూశారు. ఆయన రచనలు 800కు పైగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం చూపు పోయాక వెలువడినవే.

ట్యూషన్ లేదని, పుస్తకం కష్టంగా ఉందని నిరాశపడే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆయిలర్‌ను తలచుకోవాలి. ముందు మనమే ప్రయత్నిద్దాం. తెలియనిది మాస్టారిని అడుగుదాం. పెద్ద లెక్క ఎదురైతే పెన్ను పట్టే ముందు ఒక్క క్షణం ఆలోచిద్దాం.