పరుల మందిరమున రామమోహనరాయలవారు

రాజా రామమోహనరాయలవారు కలకత్తాలోని యూనిటేరియను క్రైస్తవుల ప్రార్థనలకు ఒంటరిగా పోలేదు. కుమారులను, బంధువులను, శిష్యులను వెంటబెట్టుకొని పోయెడివారు. పరుల గుడి గడప త్రొక్కుటకే వెరచు పెద్దలను నేటికిని మేమెరుగుదుము! అచ్చటి ఆచార్యుడు విలియం ఆడం. రాయలవారితో కూడి సువార్తలను వంగభాషలోనికి మార్చుచు, చర్చించి చర్చించి, 1821లో తానే త్రిత్వసిద్ధాంతమును విడిచినవాడు.

ఒకనాడు ప్రార్థన ముగిసి మరలుచుండగా, తారాచంద చక్రవర్తియు చంద్రశేఖర దేవును తమకు స్వంత మందిరము వలదా యని యడిగిరి. ఆ మాట రాయలవారి మనస్సున నాటెను. 1828 ఆగస్టు 20వ తేదీన కమలబోసు గృహమున బ్రహ్మసభ వెలసెను.

అంతమాత్రమున వారు అన్యుల ఆరాధనలకు పోవుట మానలేదు. 1831లో ఇంగ్లండు చేరి, అచ్చట నానాశాఖల దేవాలయములను దర్శించిరి. 1833 సెప్టెంబరులో బ్రిస్టలు నగరపు లూయిన్సు మీడు మందిరమున ఆరాధనకు కూర్చుండిరి. ఆ నెల 27వ తేదీననే దేహము చాలించిరి. మేన జందెము అట్లే యుండెను.