టిండాల్ మాస్టారు, ఒక ఎండుగడ్డి కట్ట



మీ పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చాక సైన్స్‌లో ‘టిండాల్ ఎఫెక్ట్’ చదువుతారు. కిటికీ సందులోంచి గదిలోకి పడే ఎండలో దుమ్ము రేణువులు మెరుస్తాయి కదా, అదే. రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయే ఆ పేరు గల మనిషి గురించి ఈ నెల మీకు చెప్పాలనిపించింది.

జాన్ టిండాల్ 1820లో ఐర్లండ్‌లో పుట్టారు. సర్వే పనిచేశారు, రైలు మార్గాలు కొలిచారు, తర్వాత ఇంగ్లండ్‌లో క్వీన్‌వుడ్ కాలేజీలో టీచరయ్యారు. అంటే మావాళ్ళే! 28 ఏళ్ళ వయసులో ఆ ఉద్యోగం వదిలి, జర్మనీ వెళ్ళి మళ్ళీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్నారు. దాదాపు అదే వయసులో ఉన్న నాకు ఆ ధైర్యం ఉందని చెప్పలేను. 1853లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

గదిలో గాలి ఎంత శుభ్రంగా ఉందో ఆయన వెలుతురుతోనే పరీక్షించేవారు. చీకటిగదిలో ఒక వెలుగు కిరణం వేస్తే దుమ్ము బయటపడుతుంది. అదే గాలిని మంట మీదుగా పంపితే ఆ దుమ్ము మాయమైంది. కాలిపోయిందంటే అందులో చాలావరకు జీవ పదార్థమే ఉండాలి. మరి అందులో సూక్ష్మజీవులు ఉన్నాయా?

తేల్చుకోవడానికి అద్దాల కిటికీలున్న ఒక చెక్కపెట్టె చేయించారు. లోపలి గోడలకు గ్లిజరిన్ పూసి, దుమ్మంతా దానికి అంటుకునేదాకా కొన్ని రోజులు కదపకుండా ఉంచారు. లోపల కిరణం కనిపించడం మానేశాక, పెట్టె అడుగున అమర్చిన గాజు గొట్టాల్లో మాంసం, కూరగాయలు ఉడికించిన రసం పోసి ఐదు నిమిషాలు మరిగించారు. నెలలు గడిచినా అది చెడలేదు. మామూలు గాలిలో పెట్టిన రసం మాత్రం కొద్ది రోజుల్లోనే కుళ్ళిపోయింది. 1876 మొదట్లో ఈ ఫలితాలను అందరి ముందూ ప్రకటించారు.

అదే ఏడాది శరదృతువులో కథ తిరగబడింది. అదే పెట్టె, అదే ఐదు నిమిషాలు, కానీ రసాలు వరసగా పాడైపోసాగాయి. సూక్ష్మజీవులు వాటంతటవే పుడతాయని వాదించేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? ఆయన మాత్రం తన మాటను సమర్థించుకోవడం పక్కనపెట్టి, భవనాన్నే అనుమానించారు. వెతగ్గా వెతగ్గా, ప్రయోగాల కోసం లోపలికి తెచ్చిన పాత ఎండుగడ్డి దొరికింది. దాని నుంచి లేచిన దుమ్ము ల్యాబంతా పరుచుకుంది. సామాను సర్దుకుని ఊరి బయట క్యూ ఉద్యానవనంలోని ల్యాబ్‌కు వెళ్ళి, అవే రసాలు మళ్ళీ మరిగించారు. అక్కడ చెడలేదు.

ఆ గడ్డిలో ఉన్నవి గట్టి పెంకులాంటి రక్షణతో నిద్రపోతున్న బ్యాక్టీరియా. వాటినే స్పోర్లు అంటారు. కొన్ని గంటల తరబడి మరిగించినా చావలేదు. అప్పుడు టిండాల్ ఒకేసారి ఎక్కువసేపు కాకుండా, కొద్దిసేపే మరిగించి, ఆపి, మర్నాడు మళ్ళీ మరిగించారు. మధ్య విరామంలో స్పోర్లు మేల్కొని మెత్తబడతాయి, తర్వాతి మరుగుకు దొరికిపోతాయి. (నిన్నటి పులుసును పూటపూటా మరగబెట్టే మా అమ్మమ్మ గుర్తొచ్చింది నాకు.) ఈ పద్ధతికి టిండలైజేషన్ అని ఆయన పేరే పెట్టారు.

చాలా ఏళ్ళు నిద్రలేమితో బాధపడ్డారాయన. 1893 డిసెంబరులో మందులు తారుమారై, భార్య లూయిసా పొరపాటున నిద్రమందు ఎక్కువగా ఇవ్వడంతో కన్నుమూశారు.