పల్లెపాటల ప్రొఫెసరు

జోల్తాన్ కొడాయ్ 1882లో హంగరీలో ఓ రైల్వే ఉద్యోగి ఇంట పుట్టాడు. 1905లో ఊళ్ళ వెంట తిరిగి, రైతుల పాటలు విని స్వరాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. మరుసటేడే మిత్రుడు బార్తోక్‌తో కలిసి 20 పాటలు అచ్చు వేయించాడు.

1907 నుంచి బుడాపెస్ట్ సంగీత అకాడమీలో పాఠాలు చెప్పాడు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. ఒక గొంతు పల్లె బాణీ ఎత్తుకుంటే, మిగతా గొంతులు వేరే స్వరాలతో దాన్ని అల్లుకునే బృందగానాలు తాను రాశాడు, శిష్యులకూ ఆ దారి చూపాడు. శిష్యుడు బార్దోష్ గాయకబృందాలు నడపడమే కాదు, 1931లో బృందగానాలకంటూ ఓ పత్రికే పెట్టాడు. గురువు రచనలూ దాని సంస్థ అచ్చేసింది.

కొడాయ్ 1967లో పోయాడు.

మా అమ్మ నాట్లప్పుడు పాడేవి నాలుగు పాటలు నా కెమిస్ట్రీ రికార్డు చివరి పేజీల్లో ఉన్నాయి. మాటలే రాశాను, స్వరం రాయడం నాకు రాదు.