జాన్ స్కాట్ హాల్డేన్

జాన్ స్కాట్ హాల్డేన్ (1860 - 1936) స్కాట్లండుకు చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. సముద్రగర్భంలో పనిచేసే డైవర్లు ప్రాణాపాయం లేకుండా పైకి రావడానికి మొట్టమొదటి శాస్త్రీయ పట్టికలను రూపొందించినవాడు. జలాంతర వైద్యానికి పునాదులు వేసినవారిలో ఈయన అగ్రగణ్యుడు.

బాల్యము, విద్య

హాల్డేన్ 1860 మే నెలలో ఎడిన్‌బరో నగరంలో జన్మించాడు. 1884లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందాడు. కొంతకాలం డండీ నగరంలో పనిచేసి, అక్కడి పేదల ఇరుకు ఇళ్ళలోని గాలిని పరీక్షించాడు. అనంతరం ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో చేరాడు. 1891లో లూయీసా కాథ్లీన్ ట్రాటర్‌ను వివాహమాడాడు. బ్రిటిష్ యుద్ధమంత్రిగా పనిచేసిన రిచర్డ్ హాల్డేన్ ఈయన సోదరుడు.

గని ప్రమాదాలపై పరిశోధన

1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు సంభవించింది. మృతదేహాలను పరీక్షించిన హాల్డేన్, వారిలో అత్యధికులు పేలుడు ధాటికి కాక కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు వలన మరణించారని నిరూపించాడు. ఆ వాయువును ముందుగా పసిగట్టడానికి చిట్టెలుకలను, కానరీ వంటి చిన్న పిట్టలను గనిలోకి తీసుకువెళ్ళాలని సూచించాడు. ఆ వాయువును స్వయంగా పీల్చి, తన శరీరంపై దాని ప్రభావాన్ని నమోదు చేసుకున్నాడు. శ్వాసవేగాన్ని ప్రధానంగా నియంత్రించేది రక్తంలోని బొగ్గుపులుసు వాయువేనని 1905లో ప్రీస్ట్‌లీతో కలిసి వెల్లడించాడు.

డైవర్ల రక్షణ

నీటి అడుగున పీడనం ఎక్కువ కనుక, డైవరు పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోను, కణజాలంలోను అధికంగా కరుగుతుంది. డైవరు వేగంగా పైకి వస్తే అది బుడగలుగా మారి కీళ్ళనొప్పులు, పక్షవాతం, ఒక్కొక్కసారి మరణం కలిగిస్తుంది. ఈ జబ్బును బెండ్స్ అంటారు. నత్రజని బుడగలే దీనికి కారణమని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లోనే తెలియజేసినా, ఎంతలోతు నుండి ఎంతసేపట్లో పైకి రావచ్చునో చెప్పగల వైద్యుడు లేకపోయెను.

1905లో బ్రిటిష్ నౌకాదళం ఈ సమస్యపై ఒక సంఘాన్ని నియమించగా, హాల్డేన్ అందులో ప్రధానపాత్ర వహించాడు. లండనులోని లిస్టర్ సంస్థలో మేకలను పీడన గదిలో ఉంచి ప్రయోగాలు చేశాడు. జబ్బు సోకిన మేక తరచుగా ఒక కాలు పైకెత్తి నిలిచేది. పీడనం సగానికి తగ్గినంతవరకు సాధారణంగా ప్రమాదం లేదని ఈ ప్రయోగాలలో తేలింది. ఉదాహరణకు 50 మీటర్ల లోతులో పీడనం సుమారు 6 వాతావరణాలు. డైవరు అక్కడి నుండి 3 వాతావరణాల పీడనం గల 20 మీటర్ల లోతుకు త్వరగా రావచ్చు. ఆపైన మాత్రం మజిలీలుగా ఆగుతూ రావాలి.

1906లో స్కాట్లండులోని రోత్సే వద్ద డామంట్, కాటో అను నౌకాదళ డైవర్లు ఈ పద్ధతిలో 210 అడుగుల లోతుకు దిగి క్షేమంగా తిరిగివచ్చారు. హెల్మెట్టులో బొగ్గుపులుసు వాయువు పేరుకొనడం వల్లనే డైవర్లు లోతులో అలసిపోతున్నారని గ్రహించి, లోతుతోపాటు గాలి సరఫరా కూడ పెంచాలని హాల్డేన్ నిర్దేశించాడు. 1908లో బాయ్‌కాట్, డామంట్‌లతో కలిసి ఈ ఫలితాలను ప్రచురించాడు. దీర్ఘకాలం లోతులో ఉండేవారికి ఆ పట్టికలు చాలవని తరువాత తేలడంతో వాటిని సవరించారు. అయినను నేటి డైవింగు పట్టికలలో, కంప్యూటర్లలో అనేకం ఆయన సూత్రంపైనే ఆధారపడ్డాయి.

చివరి దశ

1915లో జర్మన్లు విషవాయువు ప్రయోగించినపుడు హాల్డేన్ యుద్ధరంగానికి వెళ్ళి అది క్లోరిన్ అని గుర్తించాడు. వాయుబాధితులకు ప్రాణవాయువు చికిత్సను ప్రోత్సహించాడు. 1934లో కాప్లీ పతకం పొందాడు. 1936 మార్చిలో న్యుమోనియాతో ఆక్స్‌ఫర్డులో మరణించాడు.

ఈయన కుమారుడు, ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడ డైవర్ల శరీరధర్మంపై పరిశోధించాడు. 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక మేరకు దేహాన్ని వైద్యవిద్యకై కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. కుమార్తె నవోమీ మిచిసన్ పేరుపొందిన రచయిత్రి.